చదువు రాకపోవడమే నా ఉద్యోగం

ఇది ఎప్పుడో రాయాల్సింది. తీరిక లేక కాదు, నాకు జీతం ఇచ్చిందే చదువు రానందుకు కాబట్టి రాయలేకపోయాను. చేతిలో పెన్నుతో ఒక్కరోజు ఆఫీసులో కనిపించినా ఆ సాయంత్రానికే నన్ను ఇంటికి పంపేసేవారు. ఇప్పుడు పంపేశారు, కాబట్టి రాస్తున్నాను.

నా పేరు సింహాచలం. పుట్టింది ఆర్యపల్లిలో, చేపలవాళ్ళింట్లో. తొమ్మిదేళ్ళు బరంపురంలో ఫోన్ ఆటలు తయారుచేసే ఒక చిన్న ఆఫీసులో పనిచేశాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలకి కంప్యూటరు తెలుసు, బొమ్మలు తెలుసు. ఆడే మనిషి ఎలా ఉంటుందో తెలియదు. అది కొంచెం చెప్పాలనుకున్నాను. దాంతోపాటు నేను దాచిన ఒక సంగతి వల్ల మా చెల్లెలి చేపలు కుళ్ళిపోయాయి, అదీ చెప్పాలి.

గాజుల్లేని చెయ్యి

మా ఆఫీసు పట్టుచీరల దుకాణం పైన రెండు గదులు. నేను చేరింది ఊడ్చి, టీ పెట్టడానికి. యజమాని దిలీప్ బాబు ఒరియావాళ్ళు, కానీ మాతో తెలుగే మాట్లాడతారు. కోపం వస్తే మాత్రం ఒరియా. ఆఫీసులో అందరూ నన్ను మావుసీ అని పిలిచేవారు, అంటే పిన్నీ అని.

చేరిన నెలలోనే ఒకరోజు గ్యాస్ అయిపోయింది. సిలిండరు వచ్చేదాకా ఊరికే కూర్చున్నాను. దిలీప్ బాబు ఒక ఫోను నా చేతిలో పెట్టారు.

"మావుసీ, టికే, కొంచెం ఆడి చూడండి."

అది వంట ఆట. పొయ్యి వచ్చింది, కుండ వచ్చింది, తర్వాత ఎక్కణ్ణించో ఒక చెయ్యి వచ్చి వేలు చూపించడం మొదలుపెట్టింది. నేను ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"ఆడరేం?"

"ఎవుల్దో సెయ్యి అడ్డమొచ్చింది బాబూ. అది ఎల్లిపోతే ఆడతాను."

అందరూ పగలబడి నవ్వారు. బొమ్మలు గీసే సస్మిత ఒక్కతే నవ్వలేదు. కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"ఎవరి చెయ్యి అనుకున్నారు మావుసీ?"

"మగోడిది. గాజుల్లేవు కదా. ఊరూ పేరూ తెలీని మగోడు వేలెట్టి సూపిత్తే అటు ఎల్లిపోతామేటి?"

మర్నాటికి ఆ చేతికి ఆకుపచ్చ గాజులు వచ్చాయి. అది చూపించిన చోట నేను నొక్కాను. ఆ వారంలో కింద దుకాణంలో చీరలు కొనడానికి వచ్చిన ఆడవాళ్ళకి ఆ ఆట ఇచ్చి చూశారు. వాళ్ళూ నొక్కారు. దిలీప్ బాబు వంటగదిలోకి వచ్చి, "రేపణ్ణించి టీ ఇంకొకరు పెడతారు" అన్నారు. నన్ను తీసేస్తున్నారనుకుని ఏడ్చాను. జీతం పెంచుతున్నాను మహాప్రభో అని నాకు అర్థమయ్యేలా చెప్పడానికి ఆయనకి ఆ మధ్యాహ్నం అంతా పట్టింది.

పని అంటే ఏమిటి

నేను ఆడతాను. వెనక ముగ్గురు కాగితాలు పట్టుకుని కూర్చుంటారు. నేను ఎక్కడ ఆగాను, ఎక్కడ నిట్టూర్చాను, ఎక్కడ తల గోక్కున్నాను, అన్నీ రాసుకుంటారు. నాకు ఎవరూ ఏమీ చెప్పకూడదు. ఒకసారి మూడో మెట్టు ఆడుతుంటే తుమ్ము వచ్చింది. ఆటకి ప్రాణం పోసేవాడు గౌరి, అంటే కంప్యూటర్లో రాసేవాడు, అది కూడా రాసుకున్నాడు. మూడో మెట్టులో ఏం తప్పుందని సాయంత్రం దాకా గొడవపడి, ఆకాశం రంగు మార్చారు. జలుబు చేసిందని చెబుదామనుకున్నాను. కొత్త రంగు బాగుంది, ఊరుకున్నాను.

ఈ పనిలో నాకు తెలిసిన అసలు సంగతి ఇది. ఆట బాగుందా అని మనిషిని అడక్కండి. బాగుందనే అంటారు. మీరు ఎదురుగా కూర్చున్నారు, మీరిచ్చిన టీ తాగుతున్నారు, ఇంకేమంటారు? వేలు చూడండి. వేలికి మొహమాటం లేదు. మనిషి బాగుందంటూనే ఉంటుంది, వేలు ఫోను అంచు మీద తచ్చాడుతూ ఉంటుంది. అంటే ఆమె మనసు అప్పుడే ఇంటికి వెళ్ళిపోయిందన్నమాట.

ఇంకొకటి. పిల్లలు తాము తయారుచేసిన ఆటని వెయ్యిసార్లు ఆడి ఉంటారు. తమకి కష్టంగా ఉండాలని ఇంకా ఇంకా కష్టం చేసుకుంటూ పోతారు. మొదటిసారి ఆడే మనిషి ప్రపంచంలో ఉందన్న సంగతే మరిచిపోతారు. ఆ మనిషిని నేనే. తొమ్మిదేళ్ళపాటు రోజూ మొదటిసారి ఆడాను.

నా తెలివితక్కువతనాన్ని కాపాడిన విధం

కొన్నాళ్ళకి నా సంగతి భువనేశ్వర్ దాకా వెళ్ళింది. పెట్టుబడి పెట్టేవాళ్ళు చూడ్డానికి వచ్చారు. వాళ్ళలో ఒకాయన పేపరు తలకిందులుగా నా చేతికిచ్చి మొహంలోకి చూశారు. నేను బొమ్మలో మనిషి ఎందుకు తలకిందులుగా ఉన్నాడని అడిగాను. ఆయన దిలీప్ బాబుతో చెయ్యి కలిపారు.

ఆ రోజునుంచి ఆఫీసంతా నా మీద కాపలా. వంటగదిలో క్యాలెండరు తీసేశారు. పసుపు ప్యాకెట్ల మీద కాగితాలు అంటించారు. నేను నడిచే దారిలో దుకాణం బోర్డు కొత్తగా వస్తే వాచ్‌మన్ వచ్చి చెప్పేవాడు, మావుసి దాని ముందు చాలాసేపు నిలబడిందని. మా వీధికి అక్షరాలు నేర్పే అమ్మాయిలు పలకలు పట్టుకుని వచ్చారు. దిలీప్ బాబు స్కూటర్ వేసుకుని వచ్చి వాళ్ళకి దండం పెట్టారు.

"వీధిలో అందరికీ నేర్పండమ్మా. ఈవిణ్ణి ఒక్కదాన్ని వదిలేయండి. కొంపలు మునుగుతాయి."

వాళ్ళు నన్ను జాలిగా చూశారు. నాకు మాత్రం గర్వంగా ఉండేది, అబద్ధం ఎందుకు?

ఒక చుక్క

ఆట బాగుందో లేదో ఆడినవాళ్ళు చుక్కలు పెట్టి చెబుతారు. ఐదు చుక్కలు గొప్ప. ఒకటి అంటే తిట్టినట్టు. చుక్కలు తగ్గితే ఫోన్లో ఉండే ఆటల దుకాణంలో ఆట వెనక్కి పోతుంది, వెనక్కి పోయినదాన్ని ఎవరూ కొనరు, ఆడరు. పిల్లలు పొద్దున్నే వచ్చి దేవుడి పటం చూడకుండా ముందు చుక్కలు చూసేవారు.

మా గాజుల చెయ్యి ఆటకి ఒకసారి వరసగా ఒంటి చుక్కలు పడ్డాయి. ఆఫీసులో భోజనాలు మానేశారు. గౌరి ఏదో కనిపెట్టి, అన్నీ ఆర్యపల్లి వైపునుంచే వస్తున్నాయన్నాడు. నన్ను పంపారు.

వెళ్ళి మా చెల్లెలు నూకాలు ఇంటి అరుగు మీద కూర్చున్నాను. నూకాలు ఎండుచేపలు అమ్ముతుంది, మొగుడు సముద్రం మీదికి వెళతాడు. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా చేరారు.

"ఆట బాగోలేదేటే?" అని అడిగాను.

"ఓలమ్మో, బాగోకపోడమేటి! మేవంతా దాని మీదే ఉన్నాం కదప్పా." మా వైపు అక్కని అప్పా అంటారు.

"మరి ఒక్క సుక్క ఎట్టినారేటి?"

నూకాలు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఒకటే కదప్పా ఎట్టాలి? ఒకటో నంబరు ఆట. మా మరిది పరుగుపందెంలో ఐదో నంబరు వొత్తే మెచ్చుకున్నావేటి?"

ఆ మాట ఆఫీసులో చెబితే దిలీప్ బాబు అందరికీ భోజనాలు తెప్పించారు. జనం తీర్పు అని మనం అనుకునేది ఒక్కోసారి ఇలా ఉంటుంది. తిట్టు చూసి కుంగిపోయేముందు, పొగడ్త చూసి ఎగిరిపడేముందు, పెట్టిన మనిషి అరుగు మీద ఒకసారి కూర్చుని రండి.

ఎండ అమ్మకం

తర్వాత హైదరాబాదునుంచి కిరణ్ సారు వచ్చారు. ఆటలు అమ్మడం ఆయన పని. మంచి మనిషే. పండగకి చీర పెట్టేవారు. కానీ ఆయన బుర్రలాంటి బుర్ర నేను చూడలేదు.

"సింహాచలం గారూ, ఆట ఎవరూ కొనరండీ. ఉచితంగా ఇవ్వాలి. అమ్మాల్సింది ఆట కాదు."

"మరేటమ్ముతారు బాబూ?"

"ఓపిక లేకపోవడాన్ని అమ్ముతాం."

నా మాటలు విని సస్మిత ఎండుచేపల ఆట ఒకటి గీసింది. రేవులో చేపలు దింపాలి, ఇసుకలో వల పరిచి ఆరబెట్టాలి, కాకుల్ని తోలాలి, ఎండాక గంపకెత్తాలి. నాకు ఎంత నచ్చిందో! కిరణ్ సారు చూసి, చేప ఎండడానికి నాలుగు గంటలు పట్టాలన్నారు. నిజంగా నాలుగు గంటలు. అంతసేపు ఆగలేనివాళ్ళు ఒక ప్రకటన చూడాలి. చూస్తే ఎండ వస్తుంది, చేప వెంటనే ఎండిపోతుంది. ప్రకటన చూపించినందుకు ఆఫీసుకి డబ్బు వస్తుంది.

"ఎండకి బేరమేటి బాబూ? అది ఊరికే కదా కాసేది."

"బయట ఊరికే. మా ఆటలో కాదు."

నేను నవ్వాను. ఎవరూ ఎండ కోసం అలా కూర్చోరని అన్నాను. అన్ని ఆటలు చూసినా మనుషుల సంగతి అంత తప్పుగా ఇంకెప్పుడూ చెప్పలేదు.

నా కార్డు

ఈలోగా నాకు కార్డులు అచ్చు వేయించారు, పెద్ద ఉద్యోగులకి ఉంటాయి చూడండి, అలాంటివి. దాని మీద ఏముందని అడిగితే గౌరి ఒకటి చెప్పాడు, సస్మిత ఇంకొకటి చెప్పింది, దిలీప్ బాబు "మీకెందుకు మావుసీ" అన్నారు. ఏడాదిపాటు అందరికీ ఇస్తూ వచ్చాను, అందులో నేను ఎవర్నో నాకు తెలియకుండా. అది నన్ను తొలిచేసింది.

మా పక్కింట్లో పార్వతమ్మ గారు ఉంటారు. తెలుగు బడిలో పంతులమ్మగా చేసి మానేశారు. వాళ్ళ తాతల కాలంనుంచీ బరంపురంలోనే ఉన్నారు. ఆదివారం మధ్యాహ్నాలు చేటలో బియ్యం పోసుకుని వెళ్ళేదాన్ని, ఎవరైనా చూస్తే రాళ్ళు ఏరుతున్నామనుకోవాలని. ఆ బియ్యంలోనే వేలితో అక్షరాలు దిద్దేదాన్ని.

"చదువు లేక ఉద్యోగం రానివాళ్ళని జీవితమంతా చూశాను," అన్నారు ఆవిడ. "చదివితే ఉద్యోగం పోతుందనేదాన్ని నిన్నే చూస్తున్నా. దీర్ఘం సరిగ్గా పెట్టు."

ఏడాది పట్టింది. గుణింతాలు, ఒత్తులు అన్నీ వచ్చాక ఒక ఆదివారం కార్డు తీసి ముందు పెట్టుకున్నాను. ఒక్క అక్షరం కూడా తెలియలేదు. తలకిందులుగా తిప్పి చూశాను. పార్వతమ్మ గారు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"పిచ్చిదానా, ఇది ఇంగ్లీషు."

చివరికి ఆవిడే చదివారు. "సీనియర్ ఫస్ట్ టైమ్ ప్లేయర్." అంటే మొదటిసారి ఆడడంలో బాగా అనుభవం ఉన్న మనిషి.

నా తప్పు

చదవడం వచ్చాక ఒక కష్టం ఉంది. మానుకోలేం. కళ్ళు తెరిస్తే చాలు, గోడలన్నీ మాట్లాడుతుంటాయి. ఆఫీసులో నేను పాత సింహాచలంలాగే కూర్చునేదాన్ని. లోపల మాత్రం అన్నీ వినపడుతూ ఉండేవి.

ఎండుచేపల ఆట బయటికి వదిలేముందు ఆఖరిసారి నాకిచ్చారు. చేపలు పరిచాను. పసుపు రంగు పెట్టె ఒకటి వచ్చింది, మీద సూర్యుడి బొమ్మ, "ఎండ తెప్పించు" అని. దాని కింద పెట్టె లేదు, బొమ్మ లేదు. ఇసుక మీద ఇసుక రంగులోనే సన్నటి అక్షరాలు. "ఆగుతాను" అని ఉంది. నేను దాన్ని నొక్కాను.

వెనకనుంచి గౌరి చప్పట్లు కొట్టాడు. "చూశారా! మావుసికే తెలిసింది. ఇంక ఎవరికైనా తెలుస్తుంది."

చదువు రానివాళ్ళం అక్షరాల్ని నొక్కం. బొమ్మల్ని నొక్కుతాం, పెట్టెల్ని నొక్కుతాం. అక్షరాలు మాకు చీర అంచు మీద డిజైన్ లాంటివి, అక్కడ ఉంటాయి, వాటితో మనకి పని లేదు. ఈ సంగతి ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. సస్మిత నా వైపు వింతగా చూసింది.

"ఎలా తెలిసింది మావుసీ?" అని దిలీప్ బాబు అడిగారు.

చెప్పడానికి అదే అదను. చెబితే ఉద్యోగం ఉండదు.

"తోసింది బాబూ," అన్నాను.

ఆట బయటికి వెళ్ళిపోయింది.

గంప

వానలు మొదలైన రోజుల్లో, పదిన్నర వేళ, ఆఫీసు మెట్లమీద ముందు వాసన వచ్చింది, తర్వాత నూకాలు వచ్చింది. నెత్తిమీద గంప. తిన్నగా దిలీప్ బాబు గదిలోకి వెళ్ళి అద్దాల బల్ల మీద దింపింది. అందులో నెత్తళ్ళ చేపలు, నానిపోయి, ముద్దైపోయి, పురుగు పట్టడానికి సిద్ధంగా ఉన్నాయి.

"ఇదేటి?" అని అడిగాను, భయం భయంగా.

"మీ ఆటే," అంది. "వల మీద ఆరబెట్టి కూకున్నాను. సేతిలో ఫోను. అందులోనూ సేపలే. ఎండ కావాలని నొక్కినాను. ఎవుడో అప్పులిత్తానని బొమ్మ వొచ్చింది. ఆడు మాటాడతానే ఉన్నాడు. అయ్యాక మళ్ళీ సేపలు, మళ్ళీ ఎండ, మళ్ళీ ఆడే. ఈలోగా మబ్బు అట్టుకొచ్చింది."

"మరి లెగవాలి కదే!"

"మద్దిలో ఒగ్గేత్తే సేపలు పాడైపోతాయి కదప్పా."

"ఏ సేపలు?"

"ఫోన్లోయి."

కిరణ్ సారు కాగితం తీశారు. "ఎంతసేపు చూశారమ్మా, సుమారుగా?"

"జల్లు మొదలయ్యి ఆగిందాక."

"అద్భుతం," అని రాసుకున్నారు.

నూకాలు ఆయన వంక చూడలేదు. నా వంకే చూస్తోంది. "ఆగడానికి ఏటి నొక్కాలో ఎతికినానప్పా. ఏటీ నేదు. అప్ప సూసి ఒగ్గిన ఆట, నాకు తెలకపోతే నా తప్పే అనుకున్నాను."

తొమ్మిదేళ్ళు దిలీప్ బాబు నాకు జీతమిచ్చింది నూకాలు తరఫున ఆ కుర్చీలో కూర్చున్నందుకు. ఆ కుర్చీలో కూర్చుని నేను పార్వతమ్మ గారి శిష్యురాలిలా ఆడాను.

"బాబూ," అన్నాను, "ఆ రోజు నాకు తోసలేదు. నేను సదివేసినాను."

దిలీప్ బాబు నెమ్మదిగా కూర్చున్నారు.

"ఎంత వరకూ?"

కిరణ్ సారు అందుకున్నారు. "గుణింతాలేనా? ఒత్తులు కూడానా?"

"ఒత్తులు కూడా బాబూ."

కిరణ్ సారు కళ్ళు మూసుకున్నారు. గౌరి లేచి, "కొన్నాళ్ళు చదవకుండా ఉంటే పోతుందేమో?" అన్నాడు. పాపం, వాడికి నేనంటే ప్రేమ.

"ఒరియా ఆటలకి పెట్టుకోవచ్చుగా?" అన్నారు కిరణ్ సారు. "ఆ అక్షరాలు రావు కదా."

"కుదరదు," అన్నారు దిలీప్ బాబు. "ఏ భాషదైనా, అది అక్షరమని ఇప్పుడు ఆవిడకి తెలుసు."

ఆయన నూకాలు వైపు తిరిగారు. కుర్చీ చూపించారు. మొదటిసారి నాకు చూపించినప్పటి మర్యాదే.

"మీకు చదువు వచ్చా అమ్మా?"

"రాదు."

"కొంచెం కూడా?"

"ముక్క కూడా రాదు. ఏల బాబూ?"

నూకాలు టీ తాగడం పూర్తయ్యేలోగా నా ఉద్యోగం అయిపోయింది. సాయంత్రం నాకు శాలువా కప్పారు. నా స్థానంలో ఇంకొకరు దొరకడం అసాధ్యమని గౌరి ప్రసంగించాడు. నూకాలు పక్కనే కూర్చుని రెండో సమోసా తింటోంది. ఏదైనా కోరుకోమన్నారు. ఆ కింద అక్షరాల స్థానంలో మంచం బొమ్మ పెట్టండి, చూడగానే ఆగొచ్చని తెలుస్తుంది అన్నాను. కిరణ్ సారు ఒప్పుకున్నారు, చిన్నదే అయితే. సస్మిత అక్కడికక్కడే గీసింది. ఆవగింజంత మంచం, దాని మీద ఒక ఆడమనిషి నిద్రపోతోంది, కిందికి వేలాడే చేతికి ఆకుపచ్చ గాజులు.

కిరణ్ సారు చెడ్డవాళ్ళని నేను అనను. కానీ పిల్లలూ, మీరు ఏదైనా అమ్మేముందు అది ఊరికే దొరికేదేమో చూసుకోండి. ఊరికే దొరికేదాన్ని అమ్మాలంటే, అది దొరికే తలుపు ఎక్కడుందో దాచాలి. దాచడమే పనైపోతుంది.

మర్నాడు

మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కి ఆర్యపల్లి వెళ్ళాను. నూకాలు అప్పటికే తయారైంది. మంచి చీర, తలనిండా నూనె, కొత్త గాజులు. పడవలు కొత్తగా నెత్తళ్ళు తెచ్చాయి. వల పరిచి ఉంది.

"కాకులు సూత్తావు కదప్పా?"

"సూత్తాను గానీ, ఒకసారి ఇటు రా."

తడి ఇసుకలో కర్రతో రెండు మాటలు రాశాను. పైన "కొను", కింద "ఆగు". "ఇయి రెండూ గురుతెట్టుకుని ఎల్లు."

ఆమె చుట్టూ చూసింది. "ఇయి తెలిత్తే ఉజ్జోగం పోదేటి?"

"రెండింటికి పోదు."

"మూడోది?"

"ఆదివారం."

నూకాలు కిందిమాట మీద కాలి వేలితో ఒకసారి దిద్దింది. తర్వాత, ఎవరైనా చూస్తారని, మడమతో రెండూ చెరిపేసి ఆటో ఎక్కింది.

నేను చేపలు పలచగా సర్ది, కర్ర పట్టుకుని కూర్చున్నాను. కాకులు వస్తే తోలాను. పది దాటాక మబ్బు విడిపోయి ఎండ వచ్చింది. దానికోసం నేనేమీ నొక్కలేదు.